రెండు దారుల ఆషాఢం

ఆ ఆదివారం పొద్దున్న గోపీకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి వెళ్ళి సర్వరులో ఒక సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. మిషనుని ఒకసారి ఆపి మళ్ళీ లేపాలి. ఎండ ముదరకముందే బండి తీసి, కృష్ణదేవిపేట పార్కు గేటు దగ్గర నిలబడాలి. అక్కడికి సాయిలక్ష్మి వస్తుంది.

సాయిలక్ష్మి పరాయి మనిషి కాదు, వైశాఖంలో తాళి కట్టిన భార్య. అయినా దొంగచాటుగా కలుసుకోవలసి రావడం ఆషాఢం చేసిన పని. ఆ నెలలో కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. గోపీకృష్ణ తల్లి రామాయమ్మ ఇలాంటి సంగతుల్లో గట్టి మనిషి. ఆషాఢం ఇంకా మొదలవకుండానే కోడలికి చీర పెట్టి, తలనిండా పువ్వులు పెట్టి, కృష్ణదేవిపేటలో పుట్టింటికి ఆటో ఎక్కించింది. ఎక్కించి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ కూడా మాట తగ్గించేసింది. పొద్దున్న టీకి మూడు గ్లాసులు తీస్తుంది, ఒకటి మళ్ళీ బోర్లిస్తుంది. గోపీకృష్ణ అది చూస్తూనే ఉన్నాడు గానీ, తన బాధలో తానుండి దాని గురించి ఆలోచించలేదు. అతని బాధల్లా తలగడ. దానికి పట్టిన సాయిలక్ష్మి కొబ్బరినూనె వాసన రోజురోజుకీ పలచబడిపోతోంది. గలేబు ఉతకడానికి తల్లి అడిగినప్పుడల్లా "శుభ్రంగానే ఉందమ్మా" అంటున్నాడు.

విచిత్రం ఏమిటంటే, అతను ఆ అత్తవారింట్లోకి మొట్టమొదట వెళ్ళింది పెళ్ళికొడుకుగా కాదు. నర్సీపట్నంలో బుల్లిబాబు గారి కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో అతను ఇంజనీరు. కృష్ణదేవిపేటకి లైను లాగినప్పుడు, ఆ ఇంట్లో ఫోనుకి టవరు అందదంటే వైఫై డబ్బా బిగించడానికి స్వయంగా వెళ్ళాడు. నిచ్చెన కింద నిలబడి మేకులు అందించిన పిల్లే సాయిలక్ష్మి. ఆ రోజు ఆ గడప ఎన్నిసార్లు దాటాడో అతనికే తెలియదు. అప్పుడెవరూ అడ్డు చెప్పలేదు.

బండి సంచిలో మాడుగుల హల్వా పెట్టుకున్నాడు. సాయిలక్ష్మికి ఇష్టం. తల్లికి కనపడకుండా పాత పేపరులో చుట్టి, పైన ఇన్సులేషన్ టేపు వేశాడు.

ఆఫీసులో బుల్లిబాబు గారు అప్పటికే దేవుడి పటానికి అగరొత్తులు తిప్పుతున్నారు.

"గోపీ, ఆషాడంలో కొత్తది ఎక్కిస్తానంటావేటి? శ్రావణం రానీ."

"కొత్తది కాదండి. ఉన్నదానికి మరమ్మతే."

"మరమ్మతైతే సరే. ఏటి మరమ్మతు?"

గోపీకృష్ణ ఓపిగ్గా చెప్పాడు. ఆ సర్వరుకి సొంత డిస్కు పాడైపోయింది. ఇప్పుడు అది నిద్ర లేవాలన్నా, పని చేయాలన్నా పక్కన ఉన్న పెట్టెలోని డిస్కే ఆధారం. ఆ పెట్టె నుంచి సర్వరుకి రెండు కేబుళ్ళున్నాయి. కానీ మిషనుకి ఆ రెండూ ఒక్కచోటికే వెళ్తాయని తెలియదు. ఒక్కో కేబులు చివర ఒక్కో డిస్కు ఉందనుకుంటోంది. అందుకే మొన్న ఎలక ఒక కేబులు కొరికితే, రెండోది నిక్షేపంగా ఉన్నా, నా డిస్కు పోయిందని చతికిలబడింది. ఈ సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే రెండు దారులూ ఒక ఇంటికేనని దానికి తెలుస్తుంది. ఒకటి తెగితే రెండో దాంట్లో నడుస్తుంది.

బుల్లిబాబు గారు తలాడించారు. ఆయన తలాడించారంటే అర్థమైందని కాదు, అగరొత్తులు అయిపోవచ్చాయని.

సాఫ్ట్‌వేరు ఎక్కింది. గోపీకృష్ణ చేయవలసినవి ఒక్కొక్కటీ చేసుకుంటూ వచ్చాడు. ఇక మిషనుని ఆపి లేపడమే మిగిలిందనుకుంటుండగా ఫోను మోగింది. సాయిలక్ష్మి ఫొటో పంపింది. మొహం లేదు. గోరింటాకు పండిన అరచెయ్యి ఒక్కటే, దాని కింద "ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. దూరం నుంచే తెలుస్తాను" అని రాసి ఉంది.

అతను ఆ చేతినే చూస్తూ "వస్తున్నా" అని రాసి, రెండో చేత్తో రీస్టార్టు కొట్టాడు.

మిషను నిద్ర లేచేటప్పుడు ముందుగా చేతిలోకి తీసుకునే చిన్న మూట ఒకటి ఉంటుంది. డిస్కు దగ్గరికి ఎలా వెళ్ళాలో అందులోనే రాసి ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేరుని ఆ మూటలో కూడా కట్టాలి. గోరింటాకు మధ్యలో వచ్చి, గోపీకృష్ణ అది కట్టలేదు. మిషను లేచింది, మూట విప్పింది, డిస్కు కొత్త పేరు అందులో దొరక్క, నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంది.

నర్సీపట్నంలో నెట్టు పోయింది. చుట్టుపక్కల ఊళ్ళలో పోయింది. కృష్ణదేవిపేటలోనూ పోయింది.

ఆఫీసు ఫోను మోగడం మొదలుపెట్టింది.

"ఏటండీ, మేచ్ మజ్జిలో ఆపీసారు?"

"మా అత్త సీరియలు చూస్తంది. అది ఆగితే ఆవిడ నన్ను చూస్తాది. బేగి చూడండి బాబూ."

బుల్లిబాబు గారు ఒక ఫోనుకి జవాబు చెప్పడం, ఒకసారి గోపీకృష్ణ వైపు చూడడం, మళ్ళీ ఫోను ఎత్తడం. "ఆషాడం అన్నానా నేదా?" అని మధ్యలో దేవుడి పటాన్ని అడిగారు.

గోపీకృష్ణ చెమటలు కక్కుతూ పెన్‌డ్రైవు పెట్టి మిషనుని పక్కదారిన లేపాడు. తప్పు తెలుసుకున్నాడు. మూట విప్పి, మళ్ళీ కట్టాడు. ఈ మధ్యలోనే సాయిలక్ష్మికి ఒకదాని తర్వాత ఒకటి సందేశాలు పంపాడు. ఒక్కటీ చేరలేదు. చేరేదెలా? ఆమె ఫోనుకి ప్రాణం ఈ మిషనే కదా. తాను పడగొట్టిన మిషను లేస్తే గానీ, అది పడిపోయిందన్న సంగతి ఆమెకి చెప్పలేడు. పార్కు గేటు దగ్గర ఆకుపచ్చ చీర ఎండలో నిలబడి ఉంటుంది. ఇంత పక్కనున్న ఊరు అతనికి ఆ పూట సముద్రం అవతల ఉన్నట్టనిపించింది.

మిట్టమధ్యాహ్నం దాటాక మిషను లేచింది. లైట్లు పచ్చగా వెలిగాయి. నిజంగా పని చేస్తోందో లేదో చూడడానికి గోపీకృష్ణ ఒక కేబులు చటుక్కున పీకాడు. బుల్లిబాబు గారు గుండె పట్టుకున్నారు. ఏమీ ఆగలేదు. అంత దిగులులోనూ గోపీకృష్ణకి నవ్వొచ్చింది. కేబులు మళ్ళీ పెట్టేసి, సంచి తగిలించుకున్నాడు.

"ఆగు," అన్నారు బుల్లిబాబు గారు. ఆయన తెర ముందుకి వంగి కళ్ళజోడు సర్దుకుంటున్నారు. "పొద్దున ఇందులో రెండు డిస్కులుండేవి. ఇప్పుడొకటే ఉంది. రెండోది ఏదీ?"

"రెండోది లేదండి. మొదట్నుంచీ ఒకటే."

"నేను రోజూ చూస్తన్నాను. రెండు పేర్లుండేవి."

"పేర్లు రెండండి, డిస్కు ఒకటి. మన ఆఫీసుకి ముందు షట్టరుంది, వెనక సందులోకి తలుపుంది. అలాగని రెండాఫీసులా?"

"మరి ఇన్నాళ్ళూ రెండని ఎందుకు చూపించింది?"

"దానికి తెలీదండి."

"నీకు తెలుసు కదా. నాకెందుకు చెప్పనేదు?"

చెప్పానని గోపీకృష్ణ అనబోయి, పొద్దున్న అగరొత్తులు గుర్తొచ్చి ఊరుకున్నాడు. బుల్లిబాబు గారికి ఆ రెండో డిస్కంటే పెద్ద గర్వం. వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించి, "మనకి స్టెప్నీ కూడా ఉంది" అని చెప్పేవారు. ఆయన చూపు మెల్లగా తెర మీద నుంచి దిగి, గోపీకృష్ణ సంచి మీద ఆగింది. సంచి మూతిలోంచి పేపరు చుట్టి టేపు వేసిన పొట్లం, ఇటుకలా నలుచదరంగా, బయటికి తొంగి చూస్తోంది.

"అదేటి?"

"ఏం లేదండి."

"ఏటీ నేకపోతే ఇన్సులేషన్ టేపెందుకు? ఇప్పు."

విప్పితే హల్వా. హల్వా ఎవరికంటే సాయిలక్ష్మికి. ఎక్కడికంటే కృష్ణదేవిపేటకి. బుల్లిబాబు గారికి తెలిస్తే ఆయన నోటిమీదుగా సాయంత్రానికి రామాయమ్మకి తెలుస్తుంది. కొడుకు ఆషాఢంలో అత్తవారి ఊరెళ్ళాడని ఆవిడ ఎన్నాళ్ళు దెప్పుతుందో.

"విప్పనండి," అన్నాడు. "రేపొచ్చి అన్నీ చెప్తాను." గబగబా వెనక తలుపులోంచి సందులోకి దిగి బండి తీశాడు.

వెనకనుంచి బుల్లిబాబు గారు ఫోనులో చెప్తున్నది వినపడుతూనే ఉంది. "చిట్టిబాబూ, గోపీ మెయిన్ రోడ్డంట వొస్తాడు. ఆపి సంచీ చూడండి. మనోడే, మర్యాదగా చూడండి."

మెయిన్ రోడ్డు పొడుగునా చిట్టిబాబూ, ఆఫీసు లైన్‌మెన్లూ ఉంటారు. అంతా తాను పని నేర్పినవాళ్ళే. గోపీకృష్ణ బండిని జీడితోటల దారిలోకి తిప్పాడు.

తోటల దారికి వానలు పడితే దారి అనే పేరు చెల్లదు. రెండుచోట్ల బండి దిగి తోసుకెళ్ళాడు. ఒకచోట బండే అతన్ని దింపింది. తోట పక్క మళ్ళలో వరి ఊడ్పులు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. "అత్తోరింటికి కాబోలు, అంత బేగి ఎవులెల్తారు?" అని ఒకావిడ అంటే మిగతావాళ్ళు పకపకా నవ్వారు. గోపీకృష్ణ మొహం మీద బురద తుడుచుకున్నాడు. ఆకుపచ్చ చీర ఇంకా ఉంటుందా? వెళ్ళిపోయి ఉంటుంది. పోనీ ఒక్కసారి వీధి మలుపులో కనపడినా చాలు. ఆమె అలిగితే ఎలా ఉంటుందో అతనింకా చూడలేదు. అదైనా చూడొచ్చు.

పార్కు గేటు దగ్గర ఐసు బండివాడు తప్ప ఎవరూ లేరు. గోపీకృష్ణ కాసేపు నిలబడ్డాడు. తర్వాత బండి తోసుకుంటూ అత్తవారి వీధిలోకి వెళ్ళి, ఎదురింటి అరుగు దగ్గర ఆగాడు. మామగారు పొలంలో ఉన్నట్టున్నారు. అత్తగారు అప్పలకొండమ్మ వాకిట్లో అప్పడాలు తిరగేస్తోంది. తలెత్తింది.

"ఓలమ్మ, బాబేటి, ఆ మట్టేటి? మరదేదండీ?"

"ఎవరండీ?"

"సాయిలక్ష్మండీ. మీకోసమే ఎల్లింది కదా."

గోపీకృష్ణ బండికి స్టాండు వేశాడు. అప్పలకొండమ్మ అప్పడం చేత్తో పట్టుకునే చెప్పింది. పొద్దున్న నెట్టు పోయింది. వీధి చివర లైన్‌మేన్‌ని అడిగితే, ఆఫీసులో మిషను పడిపోయిందట, గోపీకృష్ణ గారు నీళ్ళయినా తాగకుండా దాని ముందు కూర్చున్నారట, ఓనరు కేకలేస్తున్నారట అన్నాడు. అది విన్నాక సాయిలక్ష్మి ఊరుకుంటుందా? "మా అత్తగారి గడప తొక్కనులే అమ్మా, ఆఫీసుకే వెళ్తాను" అని, నెట్టు లేని ఫోనెందుకని ఇంట్లోనే పడేసి, అన్నం డబ్బా పట్టుకుని మెయిన్ రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కింది.

గోపీకృష్ణ జీడితోటల్లో బండి తోసుకుంటున్న వేళకి ఆమె మెయిన్ రోడ్డు మీద నర్సీపట్నం వెళ్ళిపోయింది. లైన్‌మెన్లు వచ్చే పోయే ప్రతి బండినీ ఆపి చూశారు గానీ, ఆటో ఆపమని వాళ్ళకెవరూ చెప్పలేదు.

"కూకోండి బాబూ. కాళ్ళు కడుక్కోండి." అప్పలకొండమ్మ చెంబు తెచ్చి, గుమ్మం దగ్గర ఆగిపోయింది. అల్లుణ్ణి లోపలికి పిలవకూడదు. ఎండలో నిలబెట్టనూ కూడదు. ఆవిడ కాసేపు గడప వంకా, కాసేపు అల్లుడి వంకా చూసి, గొంతు తగ్గించింది.

"మా డబ్బాకి పొద్దున్నుంచీ ఎర్ర లైటే ఎలుగుతుందండి. అల్లుడుగారు గడప తొక్కకూడదు గానీ, కేబులు చూసీవోలు తొక్కకూడదని ఎవులూ అన్నేదు."

గోపీకృష్ణ కేబులు మనిషిగా లోపలికి వెళ్ళాడు. డబ్బా సాయిలక్ష్మి గదిలో ఉంది. తాను కొట్టిన మేకులే. దాని పక్కన కిటికీలో దువ్వెన, ఎండిపోయిన గోరింటాకు గిన్నె. దండెం మీద ఆరేసిన చీర నుంచి కొబ్బరినూనె వాసన, తలగడలోలా అడుగంటినది కాదు, అసలైనది, గదంతా ఉంది. మనిషి ఒక్కతే లేదు. అతను నులకమంచం మీద కూర్చుని డబ్బా ఆపి, మళ్ళీ వేశాడు. ఎర్ర లైటు పచ్చగా మారింది.

వెంటనే గూట్లో ఉన్న సాయిలక్ష్మి ఫోను మోగడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి అతను పంపినవన్నీ ఒకేసారి వచ్చి పడుతున్నాయి. అప్పలకొండమ్మ ఫోను తీసి తెర మీద కనపడుతున్నవి కూడబలుక్కుని పైకి చదివింది.

"కొం-చెం ఆ-ల-స్యం. ఆగు. ఎండలో నిలబడకు. వెళ్ళిపోయావా. వెళ్ళిపోకు." ఆగి అల్లుడి వంక చూసింది. "ఇంకా చాలా ఉన్నాయి బాబూ, చదవమంటారా?"

"వద్దండి."

ఈలోగా గోపీకృష్ణ ఫోనుకి వీడియో కాలు వచ్చింది. బుల్లిబాబు గారి ఫోను. తెరలో కనపడింది మాత్రం సర్వరు గది. తాను రోజూ కూర్చునే కుర్చీలో ఆకుపచ్చ చీరలో సాయిలక్ష్మి. ఆ పక్కన స్టూలు మీద అన్నం ముద్ద పట్టుకుని రామాయమ్మ. ఏసీ చలికి ఇద్దరూ ఒకటే తుండు కప్పుకుని ఉన్నారు.

"అమ్మా, నువ్వక్కడికెందుకెళ్ళావు?"

"బుల్లిబాబు ఫోన్ సేసి, నీ కొడుకు డిస్కేదో పట్టుకుపోయాడన్నాడు. మా ఇంట్లో దొంగలున్నారేటని అడగడానికొచ్చాను. చూస్తే నా కోడలు ఒక్కర్తీ కూకుని ఏడుస్తంది."

"ఆషాఢంలో అత్తాకోడళ్ళు..."

"ఒకే గడప దాటకూడదు. నాకు తెలీదేటి? ఇది షట్టరు. షట్టరుకి గడపెక్కడుంటాది?" అని రామాయమ్మ ముద్ద కోడలి నోట్లో పెట్టింది. పెళ్ళినాటి తర్వాత తల్లి మొహంలో ఆ వెలుగు గోపీకృష్ణ మళ్ళీ ఇప్పుడే చూశాడు. బోర్లించిన గ్లాసు గుర్తొచ్చింది.

తెరలోకి బుల్లిబాబు గారి మొహం అడ్డంగా వచ్చింది. "ముందా పొట్లం ఇప్పు."

గోపీకృష్ణ విప్పాడు. నేతి వాసన గదంతా కమ్ముకుంది. బుల్లిబాబు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"హల్వానా?"

"హల్వానేనండి."

"అయితే డిస్కు..."

"ఒకటేనండి. మొదట్నుంచీ."

ఆయన స్టెప్నీ లేకుండా బతకడం ఎలాగో ఆలోచిస్తున్నట్టు తెరలోంచి తప్పుకున్నారు.

సాయిలక్ష్మి ముందుకి వంగింది. కళ్ళ కింద కాటుక చెదిరింది. "నాకోసమేనా?" అంది.

"నీకోసమే." అప్పటికే అప్పలకొండమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. "చాలామట్టుకు," అన్నాడు గోపీకృష్ణ.

ఆమె నవ్వింది. చెయ్యెత్తి తెర మీద పెట్టింది. పొద్దున్న ఫొటోలో చూసిన చెయ్యే. గోపీకృష్ణ వేలు కూడా అదే చోటికి వెళ్ళింది. గాజు చల్లగా తగిలింది. "నువ్వక్కడే ఉండు, నేనొస్తాను," అన్నాడు. అదే క్షణంలో ఆమె కూడా "మీరక్కడే ఉండండి, నేనొస్తాను," అంది.

"ఎవులూ రానక్కర్నేదు," అంది రామాయమ్మ. "ఒదినా, ఇంటున్నావా?"

"ఇంటున్నానొదినా," అంది అప్పలకొండమ్మ, నోట్లో హల్వాతో.

"బుల్లిబాబు కారిస్తానన్నాడు. పిల్లని మెయిన్ రోడ్డంట అంపిస్తాను. మావోణ్ణి ఇప్పుడే తోటల దారంట అంపీ. ఒక కప్పు కింద ఇద్దరూ ఉన్నారన్న మాట రాకూడదు. గోపీ, నామీదొట్టు, మెయిన్ రోడ్డెక్కావంటే."

ఒట్టు పెట్టాక ఇంకేముంది? గోపీకృష్ణ లేచాడు. దండెం మీద చీర వంక ఒకసారి చూశాడు. అప్పలకొండమ్మ అతని సంచిలో అప్పడాలు పెట్టి, మిగిలిన హల్వా గూట్లో ఫోను పక్కన పెట్టింది.

తోటలు దాటాక ఒకచోట దారి పొలాల్లోకి విప్పుకుంటుంది. అక్కడ మధ్యన నీళ్ళు నిండిన కాలవ, దానికి ఆవల అప్పుడే ఊడ్చిన మడులు, వాటికి ఆవల మెయిన్ రోడ్డు కనపడతాయి. గోపీకృష్ణ బండి ఆపి, ఎదురుచూశాడు. చివరికి బుల్లిబాబు గారి తెల్ల కారు వచ్చింది. వెనక కిటికీలో ఆకుపచ్చ చీర చెంగు ఎగురుతోంది. ఆమె చెప్పినట్టే, దూరం నుంచే తెలిసింది. అతను బండి సీటు మీద నిలబడి చెయ్యెత్తాడు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అంత దూరానికి గోరింటాకు ఎరుపు కనపడదు. అయినా అతనికి కనపడింది. కారు సరుగుడు చెట్ల వెనక్కి వెళ్ళిపోయాక కూడా, కాలవ నీళ్ళలో చెయ్యెత్తిన అతని నీడ అలాగే ఉండిపోయింది.

రెండు దారులుంటే ఎంత మేలో ఆ రోజు గోపీకృష్ణకి తప్ప అందరికీ అర్థమైంది.